డాలస్‌లో ఇల్లు ఆరు వారాలు తాళం, చలికి పైపులు పగలకుండా ఏం చేసి రావాలి?

సుధ_వైట్‌ఫీల్డ్
మా పెద్దమ్మాయి, అల్లుడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. ఫిబ్రవరిలో మా చిన్నమ్మాయి పెళ్లి, ఇక్కడే బెంగళూరులో. వాళ్లు సంక్రాంతికి ముందే వచ్చి పెళ్లయ్యాక వెళ్తారు. అంటే ఆ ఇల్లు ఆరు వారాలు తాళం వేసి ఉంటుంది, అదీ అక్కడ చలి గట్టిగా ఉండే రోజుల్లో.

నా భయం ఊరికే కాదు. 2021 ఫిబ్రవరిలో వాళ్లు అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు పై ఇంట్లో పైపు పగిలి, వీళ్ల పడకగది సీలింగు మంచం మీద ఊడిపడింది. పాప ఆ సమయానికి హాల్లో ఆడుకుంటోంది కాబట్టి సరిపోయింది. వీడియో కాల్‌లో చూసిన ఆ తడిసిన పరుపు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఇప్పుడిది సొంత ఇల్లు, కొని రెండేళ్లయింది.

అల్లుడేమో "హీటర్ వేసి వస్తాను అత్తయ్యా, ఏం కాదు" అంటున్నాడు. అది చాలుతుందా? అక్కడ ఉండి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరు చెప్పింది రాసుకుని అమ్మాయికి పంపుతాను.

ఉదయ్_బెళ్ళందూరు
మనకి జనవరిలో గీజర్ పది నిమిషాలు ఆలస్యమైతేనే ఇంట్లో గోల. పైపులో నీళ్లు గడ్డకట్టడం నా ఊహకే అందట్లేదు. అయినా గడ్డకడితే నీళ్లు ఆగిపోవాలి కదా, పైపు ఎందుకు పగులుతుంది?

హరి_ఎలక్ట్రానిక్‌సిటీ
బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. కాబట్టి నీ ఊహకు అందకపోవడంలో తప్పులేదు. నీళ్లు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. గాజు సీసా నిండా నీళ్లు పోసి మూత బిగించి డీప్ ఫ్రీజర్‌లో పెట్టు, తెల్లారేసరికి నీకే తెలుస్తుంది.

కమల_ఆర్టీనగర్
మన లంబసింగి గుర్తొచ్చింది. దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరట. పైపు సంగతి ఇక చెప్పేదేముంది.

ప్లేనో_నుంచి_వెనక్కి
హరి చెప్పింది నిజమే కానీ సగమే. మంచు కట్టినచోటే పైపు పగలాలని లేదు. మంచు పైపు మధ్యలో బిరడాలా బిగుసుకుంటుంది. ఆ బిరడా పెరిగేకొద్దీ దానికీ, మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. వాటికి పోయే దారి లేదు. పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. చలి రాత్రుల్లో కుళాయిని సన్నధారగా వదలమనేది అందుకే. ఆ ఒత్తిడి బయటికి పోతుంది.

మేం డాలస్ దగ్గరే ప్లేనోలో తొమ్మిదేళ్లున్నాం. 2021లో సుధ గారి పిల్లలు పడిన బాధే మేమూ పడ్డాం. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ దాకా పడింది. టెక్సస్ మొత్తం మీద 45 లక్షల ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. మాది గ్యాస్ హీటర్. గ్యాస్ వస్తూనే ఉంది, ఇల్లు మాత్రం వెచ్చబడలేదు. ఎందుకంటే ఆ వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాను, మంట వెలిగించే బోర్డు కరెంటు మీదే నడుస్తాయి. సుధ గారూ, మీ అల్లుడి మాటకి నా జవాబు ఇదే. హీటర్ వేసి రావాలి, కానీ దాన్ని మాత్రమే నమ్ముకుని రాకూడదు.

ఇంకోటి చెప్పాలి. చలి రోజుల్లో మాకేమీ కాలేదు. మేం గండం గడిచిందనుకున్నాం. రెండు మూడు రోజులకు ఎండ కాసింది, మంచు కరిగింది, అసలు కథ అప్పుడు మొదలైంది. అప్పటిదాకా పగులుకి అడ్డుపడి ఉన్నది ఆ మంచే. అటకలోంచి కుక్కర్ ఆవిరి వదులుతున్నట్టు స్‌స్‌స్ అని చప్పుడు. నేను మెట్లెక్కేలోపే హాలు సీలింగు మధ్యలో బొజ్జలా దిగింది. తర్వాత చలి ఆగడానికి పైన పరిచిన గులాబీరంగు దూదితో సహా ఊడిపడింది. ప్లంబరు కోసి ఇచ్చిన రాగి పైపు ముక్క నా దగ్గర ఇప్పటికీ ఉంది. జానెడు ఉంటుంది. మధ్యలో కాస్త ఉబ్బి, నిలువుగా చీలి, అంచులు బయటికి విచ్చుకుని, ఎండిన పెసరకాయ చిట్లినట్టుంటుంది. పగులు నా బొటనవేలంత కూడా లేదు. దాంతో కింద మూడు గదులు పాడయ్యాయి.

శారద_జేపీనగర్
ఆయన బాధ నాకు అర్థమైంది కానీ సుధ గారిని మరీ భయపెట్టొద్దు. మేం చికాగో దగ్గర నేపర్‌విల్‌లో పదకొండేళ్లున్నాం. 2019 జనవరి 30న చికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్ పడింది, అంటే దాదాపు మైనస్ 31 సెల్సియస్. మా పైపులేమీ పగల్లేదు. ఇండియా వచ్చిన ప్రతిసారీ చేసింది ఒకటే. హీటర్ వేడిని నిర్ణయించే థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్‌కి తగ్గకుండా, అంటే సుమారు 13 సెల్సియస్‌లో పెట్టడం, సింకుల కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచడం, ఇంటికి నీళ్లొచ్చే మెయిన్ వాల్వు కట్టేయడం. పైపుల్లో నీళ్లన్నీ ఖాళీ చేసి వెళ్లమని కొందరంటారు కానీ అది పెద్ద పని. ప్రయాణం ముందురోజు ఎవరికి తీరిక ఉంటుంది?

ప్లేనో_నుంచి_వెనక్కి
శారద గారూ, మీ ఇల్లు చలికోసం కట్టిన ఇల్లు. మీకు బేస్‌మెంట్ ఉంటుంది, పైపులు లోపలి గోడల్లో పోతాయి. టెక్సస్‌లో ఇళ్లు ఎండని దృష్టిలో పెట్టుకుని కడతారు. బేస్‌మెంట్ ఉండదు, చాలా ఇళ్లలో పైపులు అటకలోంచీ, బయటిగోడల్లోంచీ, గ్యారేజీలోంచీ పోతాయి. దూది కప్పని పైపుకి బయట మైనస్ 6, 7 సెల్సియస్ దాటితే చాలు, ప్రమాదం మొదలైనట్టే. మీకు మైనస్ 31లో ఏమీ కాలేదంటే దానికి కారణం ఇల్లు.

శారద_జేపీనగర్
అటకలో పైపులా! అది నాకు తెలియదు. అలాగైతే ఖాళీ చేయడమే మంచిది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజానికి మాకూ ఆ 2019లో వంటింటి సింకు బిగుసుకుంది, ఉత్తరం వైపు గోడ. కుళాయి తిప్పితే రెండు చుక్కలు రాలి ఆగిపోయింది. అల్మరా తెరిచి హెయిర్ డ్రయ్యర్ పట్టాను. ముప్పావుగంట పట్టింది. అప్పుడు నేర్చుకున్నది: కుళాయి తెరిచే ఉంచాలి, వేడి కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి పోవాలి. నడిమధ్యన వేడి చేస్తే కరిగిన నీళ్లకి దారి ఉండదు.

ఉదయ్_బెళ్ళందూరు
హెయిర్ డ్రయ్యర్‌తో ముప్పావుగంట ఎందుకు? వెల్డింగ్‌వాళ్ల గ్యాస్ మంట పెడితే నిమిషంలో అయిపోదా?

లేహ్_రెడ్డి
వద్దు బాబూ. మంట పెడితే లోపలి నీళ్లు ఆవిరై, దారి లేక పైపు పేలుతుంది. ఇంకా కాదంటే గోడలో కలప అంటుకుంటుంది. నేను ఫౌజులో ఉండగా లేహ్‌లో రెండు శీతాకాలాలు చేశాను. అక్కడ మైనస్ 15, 20 మామూలే. కొత్తగా వచ్చిన కుర్రాడొకడు స్టవ్ తీసుకెళ్లి పైపు కింద పెట్టబోయాడు, చెయ్యి పట్టి లాగాను.

మా పద్ధతి ఒకటే. సాయంత్రం నాలుగింటికి పంపు కట్టేసి, చివరి కుళాయి తెరిచి లైను మొత్తం ఖాళీ చేసేవాళ్లం. రాత్రికి బకెట్లలో పట్టుకున్న నీళ్లే. ఖాళీ పైపుని చలి ఏం చేస్తుంది?

సుధ_వైట్‌ఫీల్డ్
రెడ్డి గారి చివరి మాట అమ్మాయికి అలాగే పంపాను. "అమ్మా, మిగతా అన్నిటికన్నా ఇది బాగుంది" అంది. ఒక సందేహం. కుళాయి సన్నధారగా వదిలేసి రావచ్చా మరి?

ప్లేనో_నుంచి_వెనక్కి
ఇంట్లో మనిషి ఉన్నప్పుడు, ఒకటి రెండు రాత్రులకు మాత్రమే అది. ఆరు వారాలు వద్దు. సింకులో ఏదైనా అడ్డుపడిందంటే అదే ఇల్లు ముంచుతుంది.

రమణ_ప్లంబింగ్
మాది మదనపల్లె, బెంగళూరులో పదిహేడేళ్లుగా ప్లంబింగ్ కాంట్రాక్టు. మంచు నేను చూడలేదు కానీ నీళ్లు ఎక్కడైనా పల్లానికే పోతాయి కాబట్టి లైను ఖాళీ చేయడం గురించి చెప్తాను.

ముందు వేడినీళ్ల ట్యాంకు స్విచ్ ఆపాలి. ఇది మర్చిపోతే అంతే. కరెంటుది అయితే నీళ్లు లేకుండా ఎలిమెంట్ కాలిపోతుంది. మన గీజర్లు ఎక్కువగా అలాగే పోతాయి. తర్వాత మెయిన్ కట్టాలి. ఆ తర్వాత పై అంతస్తులో కుళాయిలన్నీ తెరవాలి, వేడివి, చల్లవి రెండూ, షవర్లు కూడా. చివరగా ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న కుళాయి తెరవాలి. పైన గాలి లోపలికి పోతేనే కింద నీళ్లు బయటికొస్తాయి. చాలామంది కింద ఒక్కటి తెరిచి ధార ఆగగానే అయిపోయిందనుకుంటారు. అవ్వదు, పై లైన్లలో నీళ్లు అలాగే నిలబడి ఉంటాయి. స్ట్రాకి పైన వేలు పెట్టి ఎత్తినట్టు. ఫ్లష్ ట్యాంకులు కూడా ఒకసారి కొట్టి ఖాళీ చేయాలి.

అక్కా, అసలు మెయిన్ వాల్వు ఎక్కడుందో అల్లుడుగారికి తెలుసా? నేను వెళ్లే పది ఇళ్లలో ఎనిమిది ఇళ్లవాళ్లకి తెలియదు.

సుధ_వైట్‌ఫీల్డ్
అడిగాను రమణా. "బయటెక్కడో ఉంటుంది" అన్నాడు. అంటే తెలియదన్నమాట.

ప్లేనో_నుంచి_వెనక్కి
ముందు లాన్ దగ్గర, మీటరు పక్కన నేలలో మూత ఉన్న పెట్టె ఉంటుంది, అందులో చూడమనండి. మూత ఎత్తేముందు కర్రతో తట్టాలి, లోపల ఎర్రచీమలు గూడు కడతాయి. వాల్వు తిప్పడానికి పొడుగు కడ్డీ తాళం లాంటిది హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. చాలా ఇళ్లలో లాన్‌కి నీళ్లు పెట్టే లైను వేరుగా చీలిపోతుంది, ఇంటి మెయిన్ కట్టినా అందులో నీళ్లు ఉంటాయి. ఆ లైను మీద ఇంటి బయట నేలపైకి లేచి ఇత్తడి వాల్వు ఒకటి ఉంటుంది. 2021లో మా వీధిలో ముందుగా పగిలినవి అవే. దాన్ని విడిగా కట్టి, ఖాళీ చేసి, మందంగా చుట్టాలి. తోట గొట్టం కుళాయి నుంచి విప్పేయాలి. బయటి కుళాయిలకి తొడిగే థర్మాకోల్ టోపీలు కూడా అమ్ముతారు.

శారద_జేపీనగర్
ఇంకో మాట. ఆ ఇంట్లో మంటలార్పే స్ప్రింక్లర్లు సీలింగులో ఉంటే ఆ లైను ముట్టుకోవద్దు. దాని సంగతి తెలిసినవాళ్లని అడిగే చేయాలి. అది ఉంటే హీటర్ తప్పనిసరి.

సింకుల కింద వంపులో, కమోడ్‌లో ఎలాగూ కొన్ని నీళ్లు నిలబడే ఉంటాయి. వాటిలో పోయడానికి గులాబీరంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ అని, చలికి గడ్డకట్టని ద్రవం అమ్ముతారు. కారు రేడియేటర్‌లో పోసేది మాత్రం వద్దు, అది విషం.

హరి_ఎలక్ట్రానిక్‌సిటీ
ఇంత కష్టమెందుకు? తడి తగిలితే ఫోనుకి మెసేజ్ పంపే సెన్సర్లు వచ్చాయి. నీళ్లు ఆగకుండా పారుతుంటే మెయిన్‌ని దానంతట అదే కట్టేసే వాల్వులు కూడా ఉన్నాయి.

ప్లేనో_నుంచి_వెనక్కి
పెట్టుకోవచ్చు, నాకూ ఇష్టమే. కానీ కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే మెసేజ్ రాదు. వచ్చిందనుకో, పెళ్లిలో తలంబ్రాల సమయంలో వస్తుంది. అప్పుడు ఫ్రిస్కోలో తాళం తీసి లోపలికి వెళ్లే మనిషి కావాలి. అందుకే ముందు ఆ మనిషిని చూసుకోవాలి. తాళంచెవి ఇచ్చి, వాల్వు చూపించి, ఒకసారి ఆయన చేతే కట్టించి రావాలి.

కమల_ఆర్టీనగర్
మంచు లేకపోయినా ఇల్లు మునుగుతుంది. రెండేళ్ల కింద మేం నాలుగు రోజులు శ్రీశైలం వెళ్లాం. వాషింగ్ మెషీన్ వెనకాల రబ్బరు గొట్టం చిట్లింది. మెషీన్ ఆపి ఉంది కానీ కుళాయి తెరిచే ఉంది. వచ్చి తలుపు తీస్తే చీలమండల దాకా నీళ్లు. మా అత్తగారి పాత టేకు బీరువా అడుగు ఉబ్బి తలుపులు పడట్లేదు. అందులో మా పెళ్లి ఫోటోల ఆల్బం ఉంది. ఒక్కో పేజీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాను, సగం ఫోటోలు అట్టకి అంటుకునే వచ్చాయి. డబ్బు సంగతి ఎలా ఉన్నా, అది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

రమణ_ప్లంబింగ్
కమలక్కా, ఆ కుళాయి మెషీన్ ఆగగానే కట్టేయాలి. స్టీలు అల్లిక ఉన్న గొట్టం వేసుకోండి, రబ్బరుదాని కన్నా చాలా నయం.

పోయిన దసరాకి ఒక ఫ్లాట్‌లో ఇలాగే జరిగింది. ఇంటివాళ్లు తిరుపతి వెళ్లారు. బాత్రూం గోడ లోపల పోయే కన్సీల్డ్ లైనులో ఎల్బో, అంటే మలుపు ముక్క, విరిగింది. కింది ఇంటివాళ్లు ఫోన్ చేస్తే వీళ్లు క్యూ లైన్లో ఉన్నారు, ఫోను లాకర్లో ఉంది. సెక్యూరిటీ నన్ను పిలిచాడు. పైపులన్నీ పోయే డక్టులో ఆ ఫ్లాటు వాల్వు దొరికింది కానీ చక్రం తిప్పే పాత గేట్ వాల్వు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఎంత తిప్పినా గుండ్రంగా తిరుగుతోందే తప్ప కట్టుకోవట్లేదు. చివరికి టెర్రస్ ఎక్కి బ్లాకు మొత్తానికి నీళ్లు ఆపాల్సి వచ్చింది. పండగపూట 24 ఇళ్లకి నీళ్లు లేవు.

అందుకే బాల్ వాల్వు వేయించుకోమంటాను. పిడి పైపుతోపాటు బారుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టినట్టు. చీకట్లో చేత్తో తడిమినా తెలిసిపోతుంది. మూడు నెలలకోసారి ఊరికే అయినా కట్టి తెరుస్తుండాలి, లేకపోతే అదీ బిగుసుకుపోతుంది.

ఉదయ్_బెళ్ళందూరు
ఇప్పుడే వెళ్లి చూశాను. మా డక్టు తలుపు ముందు పక్కింటివాళ్ల చెప్పుల స్టాండు ఉంది. జరిపి, తెరిచి, మా వాల్వు కనిపెట్టి దాని మీద స్కెచ్ పెన్నుతో ఫ్లాట్ నంబరు రాసి వచ్చాను. పక్కింటి ఆంటీ బయటికొచ్చి "మాదీ రాసిపెట్టు నాయనా" అంది.

పాలసీ_ప్రసాద్
ఇన్సూరెన్స్ వైపు నుంచి కొంచెం. అమెరికా ఇంటి పాలసీల్లో పైపు హఠాత్తుగా పగిలి జరిగిన నష్టానికి సాధారణంగా కవరేజీ ఉంటుంది. నెలల తరబడి చెమ్మ ఊరి పాడైనదానికి ఉండదు. అయితే ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వేడి ఉంచడమో, లేదా నీళ్లు కట్టి ఖాళీ చేయడమో చేయాలని షరతు ఉంటుంది. అది పాటించకపోతే క్లెయిము తిరస్కరించవచ్చు. కొన్ని పాలసీల్లో ఇన్ని రోజులకు మించి ఎవరూ లేకపోతే వేరే నిబంధనలుంటాయి. కాబట్టి ఆరు వారాలు అని ముందే ఏజెంటుకి చెప్పి, జవాబు మెయిల్లో తీసుకోమనండి. బయల్దేరే రోజు థర్మోస్టాట్ అంకె, కట్టిన వాల్వు, తెరిచిన కుళాయిలు, గదులు అన్నీ ఫోన్లో వీడియో తీసి ఉంచుకోవాలి.

ఒకవేళ పగిలిందే అనుకోండి. ముందు నీళ్లు కట్టాలి. తడిసిన గదుల బ్రేకర్లు దించాలి, అది కూడా ఆరిన నేలమీద నిలబడి చేరగలిగితేనే. ఫోటోలు తీశాకే ఏదైనా బయట పడేయాలి. పగిలిన పైపు ముక్క దాచాలి, ప్లేనో ఆయన దాచినట్టు. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి, ఇన్సూరెన్స్ మనిషి వచ్చేదాకా తడి అలా వదిలేయకూడదు. ఆరబెట్టడం మన బాధ్యతే.

శారద_జేపీనగర్
అన్నీ ఖాళీ చేశాక హీటర్ ఆపేయొచ్చా అని అడుగుతారేమో. ఆపొద్దు. ఎంత ఖాళీ చేసినా ఎక్కడో ఒక వంపులో కొన్ని నీళ్లు మిగులుతాయి. 55లో పెట్టి రావాలి.

ప్లేనో_నుంచి_వెనక్కి
ఇందులో మాత్రం మా ఇద్దరిదీ ఒకటే మాట.

సుధ_వైట్‌ఫీల్డ్
వారం తర్వాత రాస్తున్నాను. మీరందరూ చెప్పింది రెండు పేజీలు రాసి ఫోటో తీసి పంపాను. అల్లుడు ముందు "అత్తయ్య మరీ టెన్షన్ పడుతున్నారు" అన్నాడట. శనివారం ఇద్దరూ లాన్ దగ్గర పెట్టె తెరిచారు. కర్రతో తట్టమన్నది గుర్తుంది కాబట్టి సరిపోయింది, లోపల నిజంగానే చీమల పుట్ట. మట్టి తోడితే వాల్వు కనిపించింది. కట్టారు. లోపల కుళాయి తెరిస్తే ధార సన్నబడింది కానీ ఆగలేదు. పావుగంటైనా చుక్కచుక్కగా వస్తూనే ఉంది.

రమణ చెప్పిన ఫ్లాట్ కథే అక్కడా! ఇప్పుడే చూసుకున్నారు కాబట్టి సరిపోయింది, బయల్దేరే రోజు అయ్యుంటే ఏం చేసేవాళ్లు? ప్లంబరుని పిలిచి ఇంటి లోపలికి వచ్చే లైను మీద కొత్త బాల్ వాల్వు వేయించారు. నాలుగిళ్ల అవతల ఒక గుంటూరు కుటుంబం ఉంది, వాళ్లకి తాళంచెవి ఇస్తున్నారు. ఆయన చేత రెండుసార్లు కట్టించి తెరిపించారట. అల్లుడే నిన్న ఫోన్ చేసి "అత్తయ్యా, బయటి ఇత్తడి వాల్వు కూడా చుట్టేశాను, ఫోటో చూడండి" అన్నాడు. పాత కంబళి చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి తాడు బిగించాడు. పసిపిల్లకి చలికి చుట్టినట్టే ఉంది.

లేహ్_రెడ్డి
అలా చుట్టాలి. తడి లోపలికి పోకుండా సంచి కట్టాడు చూడండి, అది తెలివి.

కమల_ఆర్టీనగర్
హమ్మయ్య. ఇక పెళ్లిపనుల్లో పడండి సుధ గారూ.

సుధ_వైట్‌ఫీల్డ్
పడతాను కానీ ఒక పని మిగిలింది. ఉదయ్ రాసింది చదివి నేనూ మా డక్టు తెరిచాను. మాదీ పాత గేట్ వాల్వే, చక్రం పట్టుకుంటే తుప్పు చేతికి వచ్చింది. పెళ్లికి ఇంట్లో ముప్పైమంది దిగుతారు, ఆ తర్వాత మేం పది రోజులు కాశీ వెళ్తున్నాం. రమణా, ఈ ఆదివారం పదింటికి రాగలవా? టిఫిన్ ఇక్కడే.

రమణ_ప్లంబింగ్
వస్తానక్కా. మీ లైను ముప్పావు ఇంచా, ఇంచా? డక్టులో పైపు మీద అచ్చు ఉంటుంది, ఫోటో తీసి పెట్టండి, వాల్వు తీసుకునే వస్తాను.